గీసిన బొమ్మకు కాలప్రమాణము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను రైల్వే గుమాస్తాను. చదివినది మెట్రిక్యులేషను. చిత్రకళలో పండితుణ్ణి కాను. అయినా మన గిరిసోల పిల్లలు కొందరు కదిలే బొమ్మలు గీయడం నేర్చుకుంటున్నారు గనుక, వారికి పనికివచ్చే నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు.

పిల్లలు గీసిన బొమ్మలు ఒక్కొక్కటిగా చూస్తే ముచ్చటగానే ఉన్నవి. వరుసగా తిప్పి చూస్తే మాత్రం మనిషి నడిచినట్లుండదు, జారినట్లుంటుంది. లోపం గీతలో లేదు, లెక్కలో ఉన్నది.

సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు. చేతితో గీసేవారు సాధారణంగా ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములు నిలుపుతారు. అనగా సెకనుకు 12 బొమ్మలు. ఒక కదలికకు ఎక్కువ బొమ్మలు వేస్తే నెమ్మది, తక్కువ వేస్తే వేగము. అయితే బొమ్మకూ బొమ్మకూ నడుమ ఎడం అంతటా సమంగా ఉండరాదు. స్టేషనులో బయలుదేరే ప్యాసింజరును చూడండి. మొదట అంగుళమంగుళంగా కదిలి, తరువాత వేగమందుకొని, ఆగబోయే ముందు మళ్ళీ నెమ్మదిస్తుంది. చెయ్యెత్తే మనిషి బొమ్మలు కూడా మొదటా చివరా దగ్గర దగ్గరగా, నడుమ ఎడంగా ఉండవలెను. పై నుంచి పడే బంతి సంగతి వేరు. నేలకు చేరేకొద్దీ ఎడం పెరుగుతూనే పోవలెను.

నడకకు కూడా లెక్క ఉన్నది. అడుగుకు 12 ఫ్రేములైతే చురుకైన నడక. 16 అయితే షికారు. 20 అయితే అలసిన ముసలివారి నడక. 8 అయితే మెల్లని పరుగు. ఈ లెక్క మన తాళంలోనూ ఇముడుతుంది. సెకనుకొక దెబ్బ వేసి ‘తకిట’ అంటే అక్షరానికి 8 ఫ్రేములు, ‘తకధిమి’ అంటే 6. కనుక పెన్సిలు పట్టకముందే చప్పట్లు కొట్టి, గడియారం చూసి, ఆ లెక్క కాగితం అంచున వ్రాసుకోవలెను. ముఖ్యమైన భంగిమలు మాత్రం ముందు గీసి, తిప్పి చూసి, కాలం కుదిరిన పిదపనే నడిమి బొమ్మలు వేయవలెను.

ఆగడం కూడా లయలో భాగమే. ఒడిశా రావణఛాయ బొమ్మలకు కీళ్ళు లేవు. మన తోలుబొమ్మలకు ఉన్నవి. అయినా తెరకు దగ్గరగా జరపడం, దూరంగా తీయడం, తగినచోట ఆపడం, ఇంతమాత్రం చేతనే ఆ బొమ్మకు ప్రాణం వస్తుంది. భంగిమ కుదిరిన చోట అరసెకనైనా నిలపండి. చూసేవారి కంటికి అందవలెను గదా!

ఇక అసలు మాట. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో ఒడియా. వారు చూసే కార్టూన్లలో చాలావరకు డబ్బింగువే. మాట తెలుగే గాని, పెదవులు పరభాష లయకు కదులుతవి. ఇది చూసి నేర్చిన పిల్లవాడు అదే పెదవి గీస్తాడు. మన భాషకు కొలత మనకే ఉన్నది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. ‘అమ్మమ్మ’ అనే మాట తీసుకోండి. రెండు గురువులు, ఒక లఘువు, మొత్తం అయిదు మాత్రలు. మాత్రకు 4 ఫ్రేముల చొప్పున మొదలుపెడితే 20 ఫ్రేములు. పిలుపును బట్టి పెంచండి, తగ్గించండి. ప, బ, మ వచ్చినచోట పెదవులు రెండు ఫ్రేములకు తక్కువ కాకుండా మూసి ఉండవలెను. ‘మ్మ’ ద్విత్వము గనుక ఇంకొంచెం ఎక్కువ. ఈ మాటలో పెదవులు రెండుసార్లు కలిసి, చివర తెరుచుకొని ఉంటవి. ఈ సంగతి ఏ విదేశీ పుస్తకమూ మన పిల్లలకు చెప్పదు. ఇంట్లో అమ్మమ్మను ఎదుట కూర్చోబెట్టుకొని చూస్తే తెలుస్తుంది.

ఈ విద్య మనకు అందనిదేమీ కాదు. 1956లో అమెరికా నుంచి క్లెయిర్ వీక్స్ బొంబాయి వచ్చి ఫిల్మ్స్ డివిజన్ చిత్రకారులకు నేర్పినారు. అక్కడ నేర్చిన రామ్ మోహన్ తరువాత దేశమంతటా పేరు పొందినారు. 2006 నాటి తెలుగు యానిమేషన్ చిత్రం ‘కిట్టు’ జాతీయ పురస్కారం అందుకొన్నది.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలు చప్పట్లు కొడుతూ, అద్దం ముందు మూతి తిప్పుతూ ఉంటే కసరకండి. అది ఆట కాదు, అభ్యాసము. సరిహద్దుకు ఇవతల పుట్టిన మన పిల్లలు గీసిన బొమ్మ నోట తెలుగు తెలుగుగానే పలికితే, మన మనుమలు కూడా ఆ పలుకు వింటారు, కళ్ళారా చూస్తారు.