జంట కాపలా – ఆటగాని దమ్ము



బిలాస్‌పూరు నుండి కట్నీ పోవు దారిలో భన్వర్‌టంక్ ఘాటు గలదు. బరువు బండి ఆ యెత్తు నెక్కుటకు మరియొక ఇంజను తోడు చేయుదురు. ఘాటు దాటిన పిదప విప్పుదురు. దానిని కట్నీ వరకు తీసికొనిపోరు. ఈ సంగతి తోర్వాలోని రైల్వే కుటుంబముల కెరుకయే. అక్కడి పిల్లలు కంప్యూటరుపై ఆడు బాస్కెట్‌బాల్ ఆటకును ఇదియే సూత్రము.

ఇట్టి ఆటలలో ఆటగాని చెంత ఒక గీత కనబడును. అది అతని దమ్ము. పరుగెత్తినకొలది తరుగును, బెంచీపై కూర్చున్నచో పెరుగును. ఎదుటి జట్టులో గురి తప్పని వాడున్నచో వానిపై ఇద్దరిని నిలుపుట జంట కాపలా. పిల్లలకు దీనిపై మోజు మెండు. మొదటి క్వార్టరులో బంతి చిక్కును. నాల్గవ క్వార్టరులో జట్టు కూలబడును. కారణమేమి?

ఐదుగురిలో ఇద్దరు ఒక్కని చుట్టుముట్టగా, ఎదుటి నలుగురిని ముగ్గురే కాయవలెను. బంతి చేయి మారినప్పుడెల్ల ఆ ముగ్గురును పరుగిడవలెను. ముందున్న యిద్దరి యలసట అందరికి కనబడును. వెనుక ఖాళీలు పూడ్చు ముగ్గురి యలసట ఎవ్వరును చూడరు. అలసినవాడు కాలు కదపలేక చేయి చాచును, అది ఫౌలగును. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఐదవ ఫౌలుతో అతని యాట ముగియును.

కావున చోటెరిగి కాయవలెను. మధ్యగీత దాటించిన బంతిని మరల వెనుకకు గొనిపోరాదు, ప్రక్కగీత దాటరాదు. ఆ రెండు గీతలు కలియు మూలలో చుట్టుముట్టినచో గీతలే కూలి యడుగని కాపలాదారులు. కాలమును ఎరుగవలెను. 24 సెకనులలో బంతి వేయవలెను గనుక, గడువు ముగియవచ్చిన వేళ కొద్దిపాటి అడ్డగింపే చాలును. బంతిని చక్కగా అందించు నేర్పరిపై మాత్రము ఈ యుపాయము తగదు. వాడు ఖాళీగా నున్నవానిని వెంటనే కనిపెట్టును.

జట్టులో 12 మంది యుందురు. ఆట 40 నిమిషములు. ఆటగాండ్రను మార్చుటకు మితి లేదు. గీత అడుగంటిన పిదప కాక, సగము తరుగగనే రిలీఫ్ నీయవలెను. నిజమైన మైదానమున గీత యుండదు. మోకాళ్ళపై చేతులాన్చిన వానిని, బంతి బుట్ట నందకుండ వేయుచున్న వానిని నాయకుడే గుర్తింపవలెను.

సమర్థుడని ఒక్కనిపైనే భారము మోపుట ఇంటను, ఆఫీసునను గలదు. సమర్థుని దమ్మును కాపాడుటయు సామర్థ్యమే యని ఆ చిన్న గీత పిల్లలకు నేర్పిన, ఆ యాట వృథా కాదు.