మట్టి లేని సేద్యములో మొక్కకు మేత ఎంత?
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



నీటిలో కరగిన లవణములతోనే పైరును పెంచు పద్ధతి చేపట్టినవారు మొదట అడుగు ప్రశ్న ఒకటే: "మందు ఎంత కలపాలండీ?" ఎక్కువ వేసిన ఎక్కువ పండునను నమ్మకము పొలము నుండి తొట్టిలోకి కూడ వచ్చినది. పొలములో ఎరువు కొంచెము హెచ్చినా మట్టి కొంత పట్టి ఉంచును. తొట్టిలో ఆ అడ్డు లేదు. పొరపాటు నేరుగా వేరుకు తగులును.

లెక్క చూడండి. ఆకుకూర పైరు ఒక కిలో ఎండు పదార్థము తయారు చేసుకొనుటకు సుమారు 300 లీటర్ల నీరు త్రాగుననుకొందము. ఆ పదార్థములో నత్రజని నూటికి 4 వంతులు, అనగా 40 గ్రాములు. లీటరుకు పంచినచో 133 మిల్లీగ్రాములు. వడగాలి వీచునపుడు అదే పైరు 400 లీటర్లు త్రాగును. అప్పుడు 100 మిల్లీగ్రాములే చాలును. కాలిఫోర్నియాలో హోగ్లండ్, ఆర్నన్ అను శాస్త్రజ్ఞులు 1938లో ప్రకటించిన పేరొందిన ద్రావణములో 210 మిల్లీగ్రాములు కలదు. ఆకుకూరలకు, లేత నారుకు అందులో సగము బలము తరచు సరిపోవును.

వేసవిలో మొక్క లవణముకంటె నీటినే ఎక్కువగా లాగుకొనును. తొట్టిలో మిగిలినది చిక్కబడును. తగ్గిన మట్టమును మరల అదే ద్రావణముతో నింపినచో ఉప్పు నానాటికి పెరుగును. లెట్యూస్ లోపలి లేత ఆకుల అంచులు మాడును. అది ఆకలి అనుకొని మరి రెండు మూతలు మందు పోయుదురు! నిజమునకు ఆ లేత ఆకులకు కాల్షియము అందలేదు. ఉప్పు పెరిగిన కొలది మరింత అందదు.

కనుక ఇ.సి. మీటరు కొనండి. ఆకుకూరలకు అంకె 1 నుండి 1.8, కాపు పట్టిన టమాటాకు 2 నుండి 3.5 చాలును. అంకె పెరిగిన ఉత్త నీరు, తగ్గిన ద్రావణము పోయవలెను. బోరు నీటికే అంకె 1 దాటుచున్నచో మేతకు చోటే మిగలదు. ముందు నీటిని పరీక్ష చేయించండి, లేదా వాననీరు కలపండి. పి.హెచ్. 5.5, 6.5ల మధ్య ఉండవలెను. అంతకు మించినచో ఇనుము అందక కొత్త ఆకులు పసుపుబారును. మందు పోసిన అదీ తగ్గదు.

కాల్షియం నైట్రేటును సల్ఫేటు, ఫాస్ఫేటు లవణములతో చిక్కగా ఒకే పాత్రలో కలపరాదు, తెల్లని మడ్డిగా అడుగున పేరుకొనును. రెండు పాత్రలు వేరుగా ఉంచండి.

అనుమానమున్నవారు ఒక తొట్టిని సగము బలముతోను, పక్క తొట్టిని డబ్బాపై వ్రాసిన మోతాదుతోను పెంచి, కోతనాడు రెండింటిని తూచి చూడండి.