నడిచేవాడికి శాఖ ఏది?

(విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం)



మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పేరెత్తగానే హైదరాబాదులో అందరికీ మూసీ, జంట జలాశయాలే గుర్తొస్తాయి. 1908 సెప్టెంబరు వరద తర్వాత ఆయన్ను పిలిపించిన సంగతి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయిన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. వరద ఊడ్చుకుపోయిన నగరాన్ని మళ్లీ ఎలా కట్టాలన్న ఆలోచనలోంచే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. మన నగర రవాణా చరిత్రను నేను అక్కడి నుంచే ఎత్తుకుంటాను. బండి తర్వాత, ముందు దారి కదా.

బోర్డు పనితనం చూడాలంటే పాతబస్తీలోని పత్థర్‌గట్టికి వెళ్లండి. వెడల్పాటి రోడ్డు, రెండు పక్కలా రాతి కమాన్లు, కమాన్ల వెనక వరండా, వరండాలోకి తెరుచుకునే దుకాణాలు. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా ముత్యాల బేరం చేసుకుంటూ నీడపట్టున నడవొచ్చు. ఇవాళ ఆ నీడలో సగం సరుకు పరిచి ఉంటుంది, ముందు బైకులు నిలబడి ఉంటాయి. అయినా ఒక్కటి తెలుస్తుంది. రోడ్డు వేసినవాళ్లే నడిచేవాళ్ల గురించి కూడా ఆలోచించారు. అది వేరే శాఖ పని అని వదిలేయలేదు.

ఇరవై ఏళ్లకు బస్సులు వచ్చాయి. 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వేవారు తమ రోడ్డు రవాణా విభాగాన్ని 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలుపెట్టారు. ఆర్టీసీ బస్సు నంబర్లలోని ‘జడ్’ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథ అలా ఉంచితే, నాకు ముఖ్యంగా తోచేది బస్సులు నడిపింది రైల్వే కావడం. రైలుకు రోడ్డు పోటీ కాకూడదన్న వ్యాపారపు లెక్క కూడా అందులో ఉందంటే నాకేం అభ్యంతరం లేదు. రైలూ బస్సూ ఒకే చేతికింద ఉన్నాయి, అదీ సంగతి. 1958లో ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడేసరికి రైలు ఒకరిది, బస్సు ఇంకొకరిది అయిపోయింది.

ఆ దశాబ్దాలన్నిటా సైకిలు ఎవరినీ అడక్కుండా నగరాన్ని మోసింది. గంటకింత అని అద్దెకిచ్చే సైకిల్ షాపు లేని బస్తీ ఉండేది కాదు. దీపం లేదనో, డబుల్ సవారీ అనో పోలీసులు ఆపి టైరులో గాలి తీసేయడం ఈ సభలో తల నెరిసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ సైకిలు కోసం ప్రత్యేకంగా దారి మాత్రం ఎవరూ వేయలేదు. పెద్ద ఎత్తున వేసింది 2023లో, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన, సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్లు. చక్కటి కట్టడమే. కానీ తెల్లవారుజామున పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాడికీ, సెంట్రింగ్ పనికి పోయేవాడికీ అది దారిలో తగలదు. వ్యాయామానికి వచ్చేవాళ్లు కారులో సైకిలు తెచ్చుకుని మరీ తొక్కుతున్నారు.

2003లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు వచ్చాయి, 2017 నవంబరులో మెట్రో. ఇప్పటికి మెట్రోకు మూడు లైన్లు, 69 కిలోమీటర్లు. పైన ఏసీ పెట్టె, కచ్చితమైన టైము. మెట్లు దిగి నాలుగడుగులు వేయండి. ఫుట్‌పాత్ మీద ట్రాన్స్‌ఫార్మర్ కంచె, దాన్ని ఆనుకుని టిఫిన్ బండి, పక్కన మూత సరిగ్గా కూర్చోని మ్యాన్‌హోల్, ఆ తర్వాత మోకాలి ఎత్తు గట్టు. చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని ఒక పెద్దావిడ రోడ్డు మీదికే దిగి నడుస్తుంది, ఎదురుగా ఆటో. ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ వాళ్లది, మ్యాన్‌హోల్ జలమండలిది, గట్టు జీహెచ్‌ఎంసీది, మెట్లు మెట్రోవి. ఆవిడ ఎవరి లెక్కలో ఉన్నట్టు? టిఫిన్ బండివాడిని మాత్రం తప్పుపట్టకండి. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది, అతనికి చోటు చూపించాల్సింది మనమే.

వాహనాలను కాదు, మనుషులను చేరవేయడమే లక్ష్యమని 2006 జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది. పది లక్షల జనాభా దాటిన ప్రతి నగరంలో అన్ని రవాణా సంస్థలనూ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే అథారిటీ ఉండాలనీ చెప్పింది. ఆ బల్ల మీద నడకకు కూడా ఒక కుర్చీ వేయమని నేను అంటాను. బడ్జెట్ ఉన్న కుర్చీ, సంతకం చెల్లే కుర్చీ. ఫ్లైఓవర్ డిజైనును వెనక్కి పంపే అధికారం దానికి ఉండాలి.

పాతబస్తీ మెట్రోకు 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. ఆ దారి పొడవునా రోడ్డు వెడల్పు కోసం ఇళ్లూ దుకాణాలూ పోతున్నాయి. ఫుట్‌పాత్ మీద అడ్డంకి లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. ఆ ప్లాన్లు గీస్తున్నవాళ్లు ఈ హాల్లో ఉంటే, స్టేషన్ మెట్లు దిగేచోట ఆ 1.8 మీటర్లు ఎక్కడున్నాయో టీ విరామంలో నాకు చూపించండి.