మీ డిజైన్ బాపు ఫోన్‌లో ఎట్లుంది?

నేను జక్రాన్‌పల్లి నుంచి మాట్లాడుతున్నా. వెనకాల కల్లంలో పసుపు ఆరబోసి ఉంది, కనిపిస్తుంది కదా. ఈరోజు టాపిక్ స్క్రీన్ డెన్సిటీ. మన దగ్గర నీట్‌గా ఉన్న బొమ్మ ఇంకొకరి ఫోన్‌లో మసకగా ఎందుకు వస్తుందో చూద్దాం.

ముందు నా తప్పు చెప్తా. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ మొదలైనప్పుడు దేశంలో మొదటి 21 మార్కెట్లలో మన నిజామాబాద్ ఒకటి. అప్పటినుంచి రేటు ఫోన్‌లో చూసుకోవడం మనవాళ్లకు అలవాటే. నేను కూడా మా వాడకట్టు రైతుల కోసం ఒక చిన్న వెబ్ పేజీ చేశా. కొమ్ముకు ఒక బొమ్మ, మండకు ఒక బొమ్మ, పక్కన రేటు. పేర్లు కూడా బొమ్మలోనే రాసేశా. లాప్‌టాప్‌లో సూపర్‌గా ఉంది.

ఒకరోజు బాపు ఫోన్‌లో మండ రేటు చూసి, అదే కొమ్ము రేటు అనుకున్నాడు. ఇంటికొచ్చిన బేరగానికి ఆ రేటుకే ఒప్పుకోబోయాడు. నేను పక్కనే ఉన్నా కాబట్టి ఆపగలిగా. "బిడ్డా, రెండూ ఒక్కతీరే కనవడ్తున్నయ్" అన్నాడు. ఎనిమిది తొమ్మిది నెలల పంట అది ఫ్రెండ్స్!

ఏమైంది? నా బొమ్మ 100 చుక్కల వెడల్పు, 100 చుక్కల ఎత్తు. మొత్తం 10,000 చుక్కలు, అంటే పిక్సెల్స్. లాప్‌టాప్‌లో సరిపోయాయి. బాపు ఫోన్‌ది 3 రెట్ల డెన్సిటీ. అదే బొమ్మ అక్కడ 300 బై 300, అంటే 90,000 చుక్కల జాగా నింపాలి. ఒక బస్తా పసుపును తొమ్మిదింతల కల్లంలో పరిచినట్టు! మధ్యలో ఖాళీలు వస్తాయి. ఆ ఖాళీలను ఫోన్ అంచనాతో నింపుతుంది. మసక అంటే అదే. 'కొమ్ము'లో మ కింద వత్తు కలిసిపోయింది.

మరి నా ఫోన్‌లో కూడా మసకే కదా, నాకెందుకు తెలియలేదు? ఏది ఎక్కడుందో నాకు ముందే తెలుసు. నేను చదవలేదు, గుర్తుపట్టా అంతే.

ఈ తిప్పలు కొత్తవి కావు. 2010లో ఐఫోన్ 4 అంగుళానికి 326 చుక్కలతో వచ్చింది. అంతకు ముందు ఐఫోన్‌లో 163. డిజైనర్లు ప్రతి బొమ్మనూ రెండింతల సైజులో మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఆండ్రాయిడ్‌లో దీనికి డీపీ అనే కొలత ఉంది. అంగుళానికి 160 చుక్కలు బేస్. 48 డీపీ బటన్ అంటే 160 ఫోన్‌లో 48 చుక్కలు, 320లో 96, 480లో 144. చుక్కలు మారినా వేలికి తగిలే సైజు దాదాపు అదే, ఏడున్నర మిల్లీమీటర్లు. అదే 48 పిక్సెల్స్ అని ఇస్తే 480 ఫోన్‌లో రెండున్నర మిల్లీమీటర్లే! పొలంలో పనిచేసే వేలు దాని మీద ఎట్ల పడుతుంది?

నేను మార్చినవి ఇవి.

ఒకటి, బొమ్మలో అక్షరాలు పెట్టడం మానేశా. పేరు, రేటు టెక్స్ట్‌గానే ఇచ్చా. ఏ స్క్రీన్‌లోనైనా షార్ప్‌గా వస్తాయి. తెలుగుకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య జాగా పెంచా.

రెండు, ఐకాన్లు ఎస్‌వీజీలో గీశా. అందులో చుక్కలు ఉండవు, గీత ఎలా గీయాలో ఉంటుంది. ఎంత పెద్దది చేసినా చెదరదు. ఆండ్రాయిడ్ యాప్‌లో అయితే వెక్టర్ డ్రాయబుల్.

మూడు, ఫోటోలు 1, 2, 3 రెట్ల సైజుల్లో పెట్టి, ఎస్‌ఆర్‌సీసెట్‌లో రాశా. ఏ ఫోన్‌కు ఏది కావాలో బ్రౌజరే తీసుకుంటుంది. చిన్న ఫోన్‌కు డేటా వేస్ట్ కాదు.

ఇవన్నీ చేశాక కూడా బాపు ఫోన్‌లో చూపించా. ఏమీ చెప్పకుండా "కొమ్ము రేటెంత బాపు?" అని అడిగా. కళ్లద్దాలు లేకుండానే చదివాడు. అప్పుడే లింక్ అందరికీ పంపా.

మీరు కూడా ఈ రాత్రి ఇంట్లో అన్నిటికన్నా పాత ఫోన్ తీసుకుని మీ డిజైన్ ఓపెన్ చేయండి. ఫోన్ ఎవరిదో వాళ్లతోనే చదివించండి. ఉంటా ఫ్రెండ్స్, నెక్స్ట్ వీడియోలో కలుద్దాం.