ఫిర్యాదు చేసిన అమ్మాయి ఆట ఆగకూడదు

(హైదరాబాద్ అబిడ్స్‌లో మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇలాంటి సమావేశాల్లో మనం వరకట్నం గురించి, గృహహింస గురించి, కూలి రేట్ల గురించి, భూమి హక్కు గురించి మాట్లాడుకోవడం అలవాటు. ఈ రోజు నేను బాలికల సాఫ్ట్‌బాల్ పోటీల గురించి మాట్లాడతానంటే కొందరికి వింతగా అనిపించవచ్చు. మనం కూర్చున్న ఈ చోటు నుంచి అసెంబ్లీ వైపు నడిస్తే లాల్ బహదూర్ స్టేడియం వస్తుంది. 1967 దాకా దాని పేరు ఫతేమైదాన్. దాని ప్రహరీగోడ పక్కనుంచి మనం ఎన్నో ఊరేగింపులు తీశాం. లోపల జరిగే బహిరంగ సభల గురించి, ప్రమాణ స్వీకారాల గురించి పత్రికల్లో చదువుతాం. కానీ ఇలాంటి మైదానాల్లో ఆడే ఆడపిల్లలు ఎక్కడ పడుకుంటారు, ఏం తింటారు, కష్టం వస్తే ఎవరికి చెప్పుకుంటారు అని మన సంఘాలు అడిగింది చాలా తక్కువ. ఇది కూడా హక్కుల ప్రశ్నే అని చెప్పడానికే నేను వచ్చాను.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. సాఫ్ట్‌బాల్ 1887లో చికాగోలో పుట్టింది. జట్టుకు తొమ్మిది మంది, ఏడు ఇన్నింగ్స్, బంతిని చెయ్యి కిందినుంచి విసరాలి. మన దేశంలో 1961లో దీనికి జాతీయ సంఘం ఏర్పడింది. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీల జాబితాలో ఇదీ ఒకటి. క్రికెట్‌కు ఉన్న డబ్బు, టీవీ దీనికి లేవు. అయినా మన తెలుగు జిల్లాల్లో చాలామంది ఆడపిల్లలు దీన్ని పట్టుకున్నారు. నిజామాబాద్ జిల్లా సుద్దపల్లి సాంఘిక సంక్షేమ గురుకులం బాలికలు ఈ ఆటలో పేరు తెచ్చుకున్నారు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లెటూరి పిల్లలకు ఈ ఆట నేర్పింది. వీళ్ళలో ఎక్కువమంది దళిత, బహుజన, గిరిజన కుటుంబాల పిల్లలు. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్ళు. పోటీ కాస్త తక్కువగా ఉన్న ఆటలో ఒక రాష్ట్ర స్థాయి సర్టిఫికెట్ వస్తే అది కాలేజీ సీటుకో, క్రీడా కోటాలో ఉద్యోగానికో దారి కావచ్చునన్న ఆశ వాళ్ళది. ఆ సర్టిఫికెట్ ఈ అమ్మాయిలకు అలంకారం కాదు. పదహారేళ్ళకే పెళ్ళి చేసేద్దామనుకునే ఇంట్లో, ఇంకో రెండేళ్ళు ఆగమని చెప్పడానికి ఆమె చేతిలో ఉన్న ఏకైక కాగితం అది. ఆమె మౌనాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఇప్పుడు ఒక పెద్ద టోర్నమెంటును ఊహించుకోండి. ఇరవై జట్లు, జట్టుకు పదహారు మంది అనుకుంటే 320 మంది పిల్లలు. వాళ్ళతో కోచ్‌లు, మేనేజర్లు, అంపైర్లు, స్కోరర్లు. నాంపల్లి స్టేషన్‌లో దిగిన జట్టును తీసుకురావడానికి బండి కావాలి. పడుకోవడానికి గదులు కావాలి. మన దగ్గర అవి సాధారణంగా సెలవిచ్చిన బడిలోని తరగతి గదులే. బెంచీలు పక్కకు జరిపి, నేలమీద పరుపులు వేస్తారు. నీళ్ళు, మరుగుదొడ్లు, భోజనం, ప్రథమ చికిత్స, మైదానంలో సున్నపు గీతలు, తిరుగు రైలుకు రిజర్వేషన్లు, ఇవన్నీ ఎవరు చేస్తారు? ఎక్కువ భాగం వ్యాయామ ఉపాధ్యాయులే. తమ బడి పని మానకుండా, అదనపు జీతం లేకుండా, ఒక్కోసారి సొంత జేబులోంచి పెట్టుకుని చేస్తారు. వాళ్ళు లేకపోతే ఈ పిల్లలు ఊరు దాటేవాళ్ళే కాదు. నా విమర్శ ఆ మనుషుల మీద కాదు, వాళ్ళ చేతికిచ్చిన వ్యవస్థ మీద.

ఆ వ్యవస్థలో ఫిర్యాదుకు స్థానం లేదా అంటే ఉంది. చాలా పకడ్బందీగా ఉంది కూడా. నియమాన్ని అంపైర్ తప్పుగా అన్వయించాడని జట్టు అనుకుంటే, తరువాతి బంతి పడకముందే అభ్యంతరం చెప్పాలి. తరువాత కాగితం మీద రాసివ్వాలి. పోటీల్లో సాధారణంగా దానికి రుసుము ఉంటుంది, గడువు ఉంటుంది, విని తీర్పు చెప్పడానికి ఒక కమిటీ ఉంటుంది. ఎదుటి జట్టులో వయసు మించిన అమ్మాయి ఆడుతోందని అనుమానం వస్తే దానికీ పద్ధతి ఉంది. వయసు మోసాల మీద కేంద్రం 2010లోనే నియమావళి తెచ్చింది. అంటే ఓడిన జట్టుకు అన్యాయం జరిగితే ఎలా చెప్పుకోవాలో అందరికీ తెలుసు.

మరి రాత్రి గది తలుపుకు గడియ లేదని చెప్పడానికి ఏ కాగితం ఉంది? మైదానంలో ఎండలో ఆరు గంటలున్నా మరుగుదొడ్డి లేక, నీళ్ళు తాగడం మానేసిన అమ్మాయి ఎవరికి చెప్పాలి? నెలసరి వచ్చిన రోజు తెల్ల ప్యాంటు వేసుకోవాల్సిన పిల్ల మగ మేనేజర్‌ను ఏమని అడగాలి? ప్రయాణ భత్యం సంతకం ఒక మొత్తానికి పెట్టించుకుని చేతికి ఇంకో మొత్తం ఇస్తే? భోజనాల దగ్గర కులం పేరు ఎత్తి ఎవరైనా ఒక మాట అంటే? చెయ్యి ఎలా విసరాలో చూపిస్తానన్న నెపంతో కోచ్ చెయ్యి అక్కరలేని చోటికి వెళ్తే?

వీటికి కాగితం లేదు, గడువు లేదు, వినే కమిటీ లేదు. చెప్పాలంటే కోచ్‌కు చెప్పాలి, లేదా కోచ్ మిత్రుడైన నిర్వాహకుడికి చెప్పాలి. రేపు రాష్ట్ర జట్టును ఎంపిక చేసేది కూడా వాళ్ళే. ఫిర్యాదు వినేవాడూ ఎంపిక చేసేవాడూ ఒకడే అయినచోట ఫిర్యాదు హక్కు ఉందనడం పరిహాసం.

ఇంకో వైపు కూడా చూడాలి. ఆ అమ్మాయి కోచ్‌కు మాత్రమే భయపడదు, ఇంటికి కూడా భయపడుతుంది. విషయం అమ్మకు తెలిస్తే నాన్నకు తెలుస్తుంది. నాన్నకు తెలిస్తే ఊరికి తెలుస్తుంది. ‘అందుకే వద్దన్నాం’ అంటారు. ఆట ఆగిపోతుంది, కొన్నిసార్లు చదువూ ఆగిపోతుంది. తప్పు చేసినవాడు వచ్చే ఏడాది మళ్ళీ జట్టుతో ప్రయాణం చేస్తాడు, ఈ పిల్ల మాత్రం ఇంట్లో ఉంటుంది. రక్షణ పేరుతో ఆడపిల్లను వెనక్కి లాగడం పితృస్వామ్యానికి చాలా పాత అలవాటు. కాబట్టి మనం అడిగే ఏ ఫిర్యాదు పద్ధతి అయినా ఆమెకు మొట్టమొదట ఇవ్వాల్సిన హామీ ఒక్కటే: చెప్పినందుకు నీ ఆట ఆగదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ప్రతి ఫిర్యాదూ బలహీనుల ఆయుధమే కానక్కర లేదు. వేగంగా పరుగెత్తే అమ్మాయిని, జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అమ్మాయిని ‘అసలు ఆడపిల్లేనా’ అని ఎదుటి జట్టువాళ్ళు అడిగే సందర్భాలుంటాయి. తమిళనాడు పరుగు క్రీడాకారిణి శాంతి సౌందరరాజన్ 2006 దోహా ఆసియా క్రీడల్లో గెలిచిన రజతాన్ని లింగ నిర్ధారణ పరీక్ష పేరుతో కోల్పోయింది. ఒడిశాకు చెందిన ద్యుతీ చంద్‌ను 2014లో పోటీల నుంచి తప్పిస్తే, ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళి 2015లో ఆ నిబంధన అమలును ఆపించింది. పధ్నాలుగేళ్ళ పల్లె పిల్లకు అంత దూరం వెళ్ళే శక్తి ఎక్కడిది? అందుచేత ఇలాంటి అనుమానాలను మైదానంలో అందరి ముందూ ఎత్తనివ్వకూడదు. పిల్ల ఒంటి మీద పరీక్ష అనే మాట ఏ నిర్వాహకుడి నోటా రాకూడదు.

చట్టం ఏం చెబుతోంది? 1997 ఆగస్టులో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు మనందరికీ తెలుసు. దాని ఫలితంగా వచ్చిన 2013 చట్టంలో మనలో చాలామంది గమనించని ఒక మాట ఉంది. పనిస్థలం అంటే ఆఫీసు, ఫ్యాక్టరీ మాత్రమే కాదు. క్రీడా సంస్థ, స్టేడియం, పోటీలు జరిగే ప్రదేశం కూడా పనిస్థలమేనని ఆ చట్టం స్పష్టంగా రాసింది. బాధిత మహిళ ఏ వయసుదైనా కావచ్చు, అక్కడ ఉద్యోగి కానక్కర లేదు. ఇక పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థకు బాధ్యుడైన వ్యక్తి తన కింద పనిచేసేవాడి నేరాన్ని చెప్పకుండా దాస్తే ఏడాది దాకా. ‘మనలో మనం మాట్లాడుకుని సర్దుకుందాం’ అనే పెద్దమనిషి ఆ క్షణం నుంచి తానే నేరస్థుడవుతాడు.

ఇంత చట్టం ఉండి కూడా అది మైదానంలోకి ఎందుకు రావడం లేదు? టోర్నమెంటు అయిదు రోజుల సంస్థ. సోమవారం పుట్టి శుక్రవారం బహుమతులు పంచి రద్దయిపోతుంది. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుకు మూడు నెలల గడువుంది, కారణం చూపితే ఇంకో మూడు నెలలు. విచారణకు తొంభై రోజులు. అమ్మాయి ఊరు చేరి, నెలరోజులు మథనపడి, నోరు విప్పేసరికి నిర్వాహక కమిటీయే ఉండదు. అప్పుడు బడి ‘అది ఫెడరేషన్ పని’ అంటుంది. ఫెడరేషన్ ‘అది స్థానిక నిర్వాహకుల పని’ అంటుంది. నిర్వాహకులు ‘పోటీలు అయిపోయాయి కదా’ అంటారు. జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుందని, అక్కడికి వెళ్ళవచ్చునని పిల్లకు ఎవరూ చెప్పరు.

పై స్థాయిలో పరిస్థితి మెరుగ్గా ఉందా? 2023లో మల్లయోధులు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ఒలింపిక్ పతకాలున్నవాళ్ళకే కేసు నమోదు కావడానికి సుప్రీంకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. ఆ మే నెలలో జాతీయ మానవ హక్కుల కమిషన్ కుస్తీ సమాఖ్యతో పాటు మరో 15 క్రీడా సమాఖ్యలకు, చట్టప్రకారం ఫిర్యాదుల కమిటీ లేదన్న వార్తల మీద నోటీసులిచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన హకీంపేట క్రీడా పాఠశాలలో ఒక అధికారి మీద ఆరోపణలు పత్రికలకు ఎక్కాక ప్రభుత్వం ఆయన్ని తప్పించి విచారణకు పూనుకుంది. పిల్లల బాధ కమిటీ ముందుకు రాకుండా పత్రిక మొదటి పేజీకి వస్తోందంటే లోపం ఎక్కడుందో చెప్పనక్కర లేదు. 2025లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడాకారుల భద్రత గురించి, ఫిర్యాదుల పరిష్కారం గురించి మాట్లాడుతోంది, సంతోషమే. ఢిల్లీలో రాసిన ఆ మాట బడి గదిలో పరుపు దాకా దిగిరావాలంటే అడిగేవాళ్ళుండాలి.

మనం అడగాల్సినవి ఇవి. పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఒకటి, ప్రతి టోర్నమెంటులో ఆటకు సంబంధించిన అభ్యంతరాలకు ఒక రిజిస్టరు, గౌరవానికి, భద్రతకు సంబంధించిన ఫిర్యాదులకు వేరే రిజిస్టరు ఉండాలి. రెండోదానికి రుసుము ఉండకూడదు. నోటిమాటగా చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, నంబరు వేసిన రసీదు ఇవ్వాలి.

రెండు, ఆ రిజిస్టరు చూసేవాళ్ళలో ఎంపిక కమిటీ వాళ్ళు ఒక్కరూ ఉండకూడదు. ఇద్దరు స్త్రీలు ఉండాలి, అందులో ఒకరు నిర్వాహకులతో సంబంధం లేని బయటి మనిషి కావాలి. వాళ్ళ పేర్లు, ఫోను నంబర్లు, పిల్లల హెల్ప్‌లైన్ 1098 తెలుగు, ఉర్దూ, హిందీ భాషల్లో పిల్లలు పడుకునే గదుల్లోనూ మరుగుదొడ్ల దగ్గరా అంటించాలి.

మూడు, బాలికల జట్టు వెంట మహిళా మేనేజర్ లేకుండా రైలెక్కించకూడదు. గదులకు గడియ, దీపం, నీళ్ళు, శానిటరీ ప్యాడ్లు ఉన్నాయని ఆ బయటి మనిషి చూసి సంతకం పెట్టాకే పోటీ మొదలు కావాలి.

నాలుగు, ముగింపు సభతో రిజిస్టరు మాయం కాకూడదు. దాన్ని పోటీలకు అనుమతి ఇచ్చిన సంస్థకు అప్పగించాలి. ఆరు నెలల దాకా జవాబు చెప్పే మనిషి పేరు టోర్నమెంటు ఆహ్వానపత్రం మీదే అచ్చు వేయాలి. ముఖ్య అతిథి పేరుకు చోటున్న కాగితంలో దీనికీ చోటు ఉంటుంది.

అయిదు, ఫిర్యాదు చేసిన అమ్మాయి తరువాతి ఎంపికలో తప్పిపోతే ఎందుకు తప్పిపోయిందో సెలెక్టర్లు రాతపూర్వకంగా చెప్పాలి.

ఆరోపణ వచ్చిన వ్యక్తికి కూడా తన మాట చెప్పుకునే హక్కు ఉంది. రిజిస్టరు, విచారణ అనేవి ఇద్దరికీ రక్షణే. గుసగుసలకు ఎవరూ జవాబు చెప్పలేరు. అయితే పోక్సో కిందికి వచ్చే విషయంలో ముందు మనం నిజానిజాలు తేల్చుకుందామని కూర్చోకూడదు, పోలీసులకు చెప్పాలి. నేరం ఏ ఊళ్ళో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా కేసు నమోదు చేయాలి. ఆ పిల్లను స్టేషన్‌కు రప్పించనక్కర లేదు. ఆమె కోరుకున్న చోట, వీలైనంతవరకు మహిళా ఎస్.ఐ. యూనిఫారం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలని చట్టం చెబుతోంది. ఇక్కడికి దగ్గరలోనే పబ్లిక్ గార్డెన్స్ ఎదురుగా హాకా భవన్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఉద్దేశమే అది. 2018లో పిల్లలకు అనుకూలమైన కోర్టు కూడా అక్కడ ఏర్పాటైంది. అంటే స్టేడియానికి, భరోసాకు, నాంపల్లి క్రిమినల్ కోర్టులకు మధ్య దూరం పెద్దగా లేదు. దారి ఉందని ఆ అమ్మాయికి తెలియకపోవడమే అసలు దూరం.

మిత్రులారా, ఇందులో మన పని ఏమిటి? బయటి మనిషి కావాలన్నాను కదా, ఆ మనిషి మనమే. 2013 చట్టం ఫిర్యాదుల కమిటీలో స్త్రీల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికి చోటిచ్చింది. ఆఫీసుల కమిటీల్లో కూర్చోవడానికి మనం అలవాటుపడ్డాం. ఏడాదికి అయిదు రోజులు మైదానంలో కూర్చోవడానికి కూడా సిద్ధపడదాం. క్రీడల సీజను మొదలయ్యే ముందే స్పోర్ట్స్ అథారిటీకి, పాఠశాల విద్యాశాఖకు, క్రీడా సంఘాలకు మన సంస్థల పేర్లతో ఉత్తరాలు రాసి, ఈ అయిదు కోరికలూ ముందుంచుదాం. వ్యాయామ ఉపాధ్యాయినులను మన సమావేశాలకు పిలుద్దాం. వాళ్ళకు మనకంటే ఎక్కువ తెలుసు, చెప్పుకునే చోటే లేదు.

ఈ విషయం మీద మీ జిల్లాల అనుభవాలు, మీ అభ్యంతరాలు వినాలని ఉంది. ముఖ్యంగా మూడో కోరిక ఆచరణలో ఎంతవరకు సాధ్యమో గ్రామీణ జిల్లాల మిత్రులు చెప్పాలి. మహిళా వ్యాయామ ఉపాధ్యాయులు లేని బడులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయో లెక్క తీసుకొస్తే, ఆ ఉత్తరంలో మొదటి పేరా అదే అవుతుంది.