బౌలింగ్‌లో చేతి అమరిక – బంతి విడుదల

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా సిద్ధమైన ప్రసంగ పాఠం)

 

పావగడ తాలూకా పాలనరీత్యా తుమకూరు జిల్లాలో ఉన్నా, అధిక భాగం ఆంధ్రప్రదేశ్ సరిహద్దులోనే అమరి ఉన్న నేల. వర్షాధారపు వేరుశనగ ఇక్కడి ప్రధాన పంట. పంట పెరికిన తరువాత ఖాళీ అయ్యే చేలే ఇక్కడి పల్లె పిల్లలకు క్రీడాంగణాలు. మూడు పుల్లలు, ఒక టెన్నిస్ బంతి, చేతికందిన చెక్క బ్యాటు ఉంటే ఆట ఆరంభమవుతుంది. పిల్లలకు ఉత్సాహం కొరత లేదు. పరుగులో వేగం కొరత లేదు. కొరత ఒక్కటే: బంతిని ఎలా పట్టాలో, ఎప్పుడు విడవాలో చెప్పే పెద్దలు దగ్గర లేకపోవడం. పన్నెండు, పదమూడేళ్ళకు చేతికి పడిన అలవాటును పద్దెనిమిదేళ్ళకు మార్చడం చాలా కష్టం. జిల్లా స్థాయి ఎంపికలకు వెళ్ళిన బాలుడు తిరిగివచ్చేది శక్తి లేక కాదు, తరచుగా ఈ ప్రాథమిక పాఠం లేకనే.

చేతిని గురించి మాట్లాడేటప్పుడు ముందుగా స్మరించదగిన పేరు భాగవత్ చంద్రశేఖర్. 1945లో మైసూరులో జన్మించిన ఆయనకు పసితనంలోనే పోలియో సోకి కుడి చేయి సన్నబడింది. ఫీల్డింగులో బంతిని విసరడానికి ఎడమ చేతిని వాడేవారు. అయినా బౌలింగ్ మాత్రం ఆ కుడి చేతితోనే చేశారు. 1964 నుండి 1979 వరకు 58 టెస్టులలో 242 వికెట్లు తీశారు. 1971 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో 38 పరుగులకు 6 వికెట్లు పడగొట్టి ఇంగ్లాండును 101 పరుగులకే కూల్చినప్పుడు, ఆ దేశంలో భారతదేశానికి తొలి టెస్టు విజయం, తొలి సిరీస్ విజయం దక్కాయి. బలహీనమన్న ఆ చేయి కొరడావలె తిరిగి, బంతిని సాధారణ లెగ్ స్పిన్నర్ల కంటె వేగంగా వదిలేది. దీనివల్ల తేటపడే సత్యం ఒకటే. బౌలింగ్‌కు కావలసింది కండబలం మాత్రమే కాదు; మణికట్టు, వేళ్ళు, విడుదల క్షణం ఈ మూడింటి పొందిక.

ఇక విషయానికి వస్తే, పెద్దల ఆటలో వాడే తోలు బంతి బరువు సుమారు 156 నుండి 163 గ్రాములు. దాని నడుమ ఉబ్బెత్తుగా ఉండే కుట్టునే సీమ్ అంటారు. బౌలర్‌కు ఆయుధం అదే. వేగంగా వేసేవారు చూపుడు వేలిని, నడిమి వేలిని కుట్టుకు ఇరుప్రక్కల ఉంచి, బొటనవేలిని క్రింద కుట్టుపై ఆనించాలి. బంతి వేళ్ళలో ఉండాలి, అరచేతిలో కూరుకుపోరాదు. అరచేతికీ బంతికీ నడుమ కొంత ఖాళీ కనబడాలి. బిగించి పట్టితే మణికట్టు గట్టిపడుతుంది, వేగం తగ్గుతుంది. కుట్టును కొంచెం స్లిప్ ఫీల్డర్ల వైపు వాల్చి పట్టితే కొత్త బంతి కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు దూరంగా వంపు తిరుగుతుంది; లెగ్ వైపు వాల్చితే లోపలికి వస్తుంది. అయితే విడిచేటప్పుడు మణికట్టు బంతి వెనుక నిటారుగా ఉండి, చివరగా రెండు వేళ్ళూ బంతిని క్రిందికి తాకుతూ జారాలి. అప్పుడే బంతి వెనక్కు తిరుగుతూ, కుట్టు నిలకడగా సాగుతుంది. మణికట్టు ప్రక్కకు ఒరిగితే కుట్టు దొర్లుతుంది, వంపు నశిస్తుంది.

స్పిన్ విషయంలో ఇంట్లోని సీసా మూతే మంచి గురువు. కుడిచేతితో మూత బిగించే దిక్కుకు బంతిని తిప్పితే ఆఫ్ బ్రేక్. విప్పే దిక్కుకు తిప్పితే లెగ్ బ్రేక్. ఆఫ్ బ్రేక్‌లో చూపుడు వేలు ప్రధానం. దానినీ, నడిమి వేలినీ ఎడంగా చాచి కుట్టుకు అడ్డంగా ఉంచాలి. లెగ్ బ్రేక్‌లో మొదటి రెండు వేళ్ళు పైన ఉండగా, మడిచిన ఉంగరపు వేలు కుట్టును నెట్టి తిప్పుతుంది. అదే పట్టుతో చేతి వెనుక భాగం బ్యాట్స్‌మన్ వైపు కనబడేలా మణికట్టు తిప్పితే అది గూగ్లీ. బొంగరానికి తాడు చుట్టి విసిరిన పిల్లవానికి ఈ రహస్యం సగం తెలిసినట్టే. తాడును చివరి క్షణంలో లాగే ఒడుపే బొంగరానికి తిరుగుడునిస్తుంది. బంతికి ఆ పని చేసేవి వేళ్ళు.

పట్టు కంటె సూక్ష్మమైనది విడుదల. బంతిని అవసరానికి ముందే విడిస్తే అది పైకి లేచి ఫుల్‌టాస్ అవుతుంది. ఆలస్యంగా విడిస్తే పొట్టిగా పడుతుంది. కనుక పిల్లవాని బంతి తరచుగా పొట్టిగా పడుతూంటే "ఇంకా ముందుకు వెయ్యి" అని కేకలు వేయడం కంటె, ఒక క్షణం ముందుగా విడువమని చెప్పడం మేలు. తల ప్రక్కకు వాలితే చేయి దారి తప్పుతుంది. ముందరి చేయి ఎత్తి లక్ష్యాన్ని చూపి, దానిని శరీరం వైపు లాగుతుండగా బౌలింగ్ చేయి చెవి ప్రక్కగా పైకి వచ్చి, విడుదల తరువాత ఎదుటి తొడ దాటేవరకు సాగాలి.

ఇక్కడ తల్లిదండ్రులు, వ్యాయామోపాధ్యాయులు ప్రత్యేకంగా గమనించవలసినది మోచేయి. తేలికపాటి టెన్నిస్ బంతికి వేగం తెప్పించే ఆత్రంలో పిల్లలు మోచేతిని మడిచి విసరడం మరుగుతారు. మోచేయి వంగి ఉండటమే తప్పు కాదు. చేయి భుజం ఎత్తుకు చేరిన తరువాత, బంతిని విడిచేలోపు ఆ వంపును నిటారు చేయడమే తప్పు. అంతర్జాతీయ క్రికెట్ మండలి 2005 నుండి ఇందులో 15 డిగ్రీల వరకు వెసులుబాటు ఇచ్చింది. శ్రీలంక బౌలర్ ముత్తయ్య మురళీధరన్ మోచేయి పుట్టుకతోనే పూర్తిగా చాచలేనిది. పరీక్షలు ఎదుర్కొని ఆయన 800 టెస్టు వికెట్లతో నిలిచారు. కాని అందరికీ అటువంటి పరీక్షలు, అవకాశాలు లభించవు. ఊరి ఆటలో ఎవరూ పట్టించుకోని విసురు, ఎంపిక రోజున ఒక్క అంపైర్ మాటతో పిల్లవాని ఆశను తుంచివేస్తుంది. కావున ఈ దోషాన్ని తొలి ఏడాదిలోనే సరిదిద్దాలి.

టెన్నిస్ బంతితో ఆడినంత మాత్రాన దారులు మూసుకుపోవు. హైదరాబాదుకు చెందిన మహమ్మద్ సిరాజ్ ఆటోరిక్షా నడిపిన తండ్రికి కుమారుడు. టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగి, 2015లో రంజీ ట్రోఫీలో అడుగిడినారు. 2023 సెప్టెంబరు 17న కొలంబోలో జరిగిన ఆసియా కప్పు తుది పోటీలో 21 పరుగులకు 6 వికెట్లు తీయగా, శ్రీలంక 50 పరుగులకే ముగిసింది. బాలికల విషయం మరింత ఆలోచింపదగినది. కడప జిల్లాకు చెందిన ఎడమచేతి స్పిన్నర్ శ్రీచరణి 2025లో మహిళల ప్రపంచ కప్పు గెలిచిన భారత జట్టు సభ్యురాలు. ఎనిమిదో తరగతి దాటగానే బాలికలను మైదానం నుండి మరలించే ఆచారాన్ని కుటుంబాలు పునరాలోచించవలసి ఉన్నది.

సాధనకు ఖర్చు లేదు. టెన్నిస్ బంతి చుట్టూ రంగుతో ఒక గీత గీసి, దానిని కుట్టుగా భావించి, గోడ ముందు ఒక మోకాలిపై నిలిచి నెమ్మదిగా వేయాలి. గీత నిలకడగా వెళ్ళితే మణికట్టు సరి. గిరికీలు కొడితే లోపమున్నట్లు. తరువాత నిలుచుండి, ఆ పిమ్మట నాలుగడుగులు నడిచి, చివరకు పూర్తి పరుగుతో వేయాలి. పిచ్‌పై ఒక తువ్వాలు పరచి దానిపై పడేలా లెక్క పెట్టుకోవాలి. చిన్న చేతులకు చిన్న, తేలిక బంతే ఇవ్వాలి. ఎదిగే వయసులో అతిగా వేగంగా వేయిస్తే నడుము ఎముకలు పగులుబారే ప్రమాదముంది. అలసిన చేతితో వేసే బంతి తప్పును నేర్పుతుందే గాని ఒప్పును నేర్పదు. నొప్పి అన్న పిల్లవానిని పిరికివాడు అనరాదు.

మైసూరులో ఒక పసివాని సన్నబడిన చేతిని చూసి పెద్దలు "నీవు ఒడ్డున కూర్చో" అని ఉంటే, ఓవల్ విజయం చరిత్రలో ఉండేది కాదేమో. ఈ పాఠశాల ఆటస్థలంలో కూడ ప్రతి సాయంత్రం ఎవరో ఒక బిడ్డ ఒడ్డున నిలిచి చూస్తూనే ఉంటాడు. ఆ చేతికి బంతి అందించి, వేళ్ళను సరిగా అమర్చి, "ఇప్పుడు విడువు" అని చెప్పే ఉపాధ్యాయుడు గాని, పూర్వ విద్యార్థి గాని వారానికి ఒక సాయంత్రం కేటాయిస్తే, ఈ ఉత్సవానికి అంతకు మించిన కానుక ఉండదు. సెలవు.