పాత ఆయిలింజను కొనుటకు ముందు

(సంఘ వారపు సమావేశమున చదివిన ఉపన్యాసము)



మన ముళబాగిలు సీమలో జీవనది లేదు. తరతరములుగా మన తెలుగు కుటుంబములు చెరువును, బావిని నమ్ముకొనియే సేద్యము చేసినవి. తాతల కాలమున కపిల తోలిరి. పిమ్మట ఆయిలింజను వచ్చినది. దాని వెనుక కరెంటు మోటారు, ఆపైన బోరు వచ్చినవి. బోర్ల లోతు పెరిగిన కొలది బావులు ఎండినవి, ఆయిలింజనులు కొట్టములలో తుప్పు పట్టినవి.

ఐనను ఆ యంత్రమునకు మరల పని దొరకినది. కర్ణాటక ప్రభుత్వము 2014లో ప్రారంభించిన కృషి భాగ్య పథకము వలన పొలములలో కృషి హొండలు లేచినవి. 2018 నుండి బెంగళూరులో శుద్ధిచేసిన నీరు కోలారు జిల్లా చెరువులలోనికి వచ్చుచున్నది. ఆ చెరువుల దాపున ఉన్న కొన్ని బావులలో నీటి చెమ్మ మరల కనిపించినది. హొండ నీటికిని, లోతులేని బావినీటికిని చిన్న ఇంజను చాలును. క్రొత్తది కొనలేని రైతు పాతదానిని వెదకుచున్నాడు. అట్టివారికి ఉపయోగపడునని నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట మా తప్పు చెప్పుకొందుము. ఒకప్పుడు మేము పాత ఇంజనును చూడబోతిమి. క్రొత్తగా రంగు పూసి యున్నది. హ్యాండిలు ఒక్కసారి త్రిప్పగనే అందుకొన్నది. చప్పుడు మెత్తగా నుండెను. మారు మాటాడక డబ్బు చెల్లించితిమి. టమాట పూత మీద ఉండగా మూడవ తడికే లోపలి బేరింగు పోయినది. మరమ్మతు ముగియుటకు పది దినములు పట్టెను, పూత రాలిపోయెను. పైరు నష్టము ఇంజను వెలను మించినది. మేము పోవుటకు ముందే దానిని నడిపి వేడిచేసి యుంచిరనియు, లోపలి చప్పుడు వినిపించకుండ చిక్కని నూనె పోసియుండిరనియు తరువాత తెలిసికొంటిమి.

ఈ అనుభవము మాకొక పాఠము నేర్పినది. పాత ఇంజను విషయమున చప్పుడు పెద్దదా చిన్నదా అని అడుగరాదు. ఆ చప్పుడు ఒకే తీరున నడచుచున్నదా అని అడుగవలెను.

దీనికి కారణము కలదు. మన ప్రాంతమున దొరకు పాత ఇంజనులు ముఖ్యముగా రెండు తీరులవి. ఒకటి బరువైన ఫ్లైవీలు గల లిస్టరు రకము. ఇంగ్లండులోని డర్స్‌లీ ఊరిలో పుట్టిన ఈ నమూనాను తరువాత రాజ్‌కోట్ కార్ఖానాలలోను చేసిరి. ఇందులో 6 గుర్రముల శక్తి గల ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగును. రెండవది 1500 చుట్లు తిరుగు చిన్న ఇంజను. 1946లో ఏర్పడిన పూణే కిర్లోస్కరు ఆయిలింజను సంస్థవారి ఇంజనులు ఈ తీరున ప్రసిద్ధములు. ఈ రెండింటను రెండు చుట్లకొకసారి మాత్రమే డీజిలు మండును. కనుక మొదటిది నిమిషమునకు 325 మార్లు, రెండవది 750 మార్లు ప్రేలును. మొదటిదానిలో ఒక్కొక్క ప్రేలుడు విడివిడిగా వినిపించును. రెండవది ఒకే హోరుగా వినిపించును. ఒకదాని చప్పుడును రెండవదానితో పోల్చుట వృథా.

ఇక పరీక్షా క్రమము. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడవలెను. ముందుగా సిలిండరుపై చేయి వేయుడు. వెచ్చగా ఉన్నచో, మరునాడు వత్తుమని చెప్పి తిరిగి వచ్చుట మేలు. తరువాత కంప్రెషను విడువకుండ ఫ్లైవీలును చేతితో మెల్లగా త్రిప్పుడు. ఒకచోట అది ఎదురు తిరిగి చేతిని వెనుకకు నెట్టవలెను. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. నొక్కుడుపడి కాగిన గాలియే డీజిలును మండించును. నొక్కుడు లేనిచో వానకాలపు ఉదయమున అది అందుకొనదు.

మొదలుపెట్టిన పిమ్మట పొగను చూడుడు. చల్లని ఇంజను క్షణకాలము తెల్లపొగ విడచుట సహజము. నీలిపొగ ఆగకున్నచో లోపలి నూనె మండుచున్నదని అర్థము. రింగులు గాని, వాల్వుల గైడులు గాని అరిగియుండును. నల్లపొగ వచ్చినచో బరువు ఎక్కువైనదో, గాలి జల్లెడ మూసుకొన్నదో, నాజిలు చెడినదో విచారింపవలెను.

అప్పుడు చెవి యొగ్గి వినుడు. సన్నని టిక్కు టిక్కు ట్యాపెట్టులది. సందు సరిచేసిన పోవును. చల్లగా ఉన్నప్పుడు వినిపించి వేడెక్కగనే తగ్గు చప్పుడు పిస్టను సడలు వలన కలుగవచ్చును. దానిని చూపి ధర తగ్గించుకొనవచ్చును. బరువు పడిన కొలది హెచ్చుచు, రోకటిపోటువలె లోపలినుండి వచ్చు మ్రోత బేరింగుది. మమ్ము ముంచినది ఆ మ్రోతయే. అది వినిపించినచో ఎంత చౌకయైనను విడువుడు. ఉయ్యాలవలె వేగము హెచ్చుచు తగ్గుచు నున్నచో గవర్నరునో డీజిలు పంపునో మెకానిక్కుచేత చూపింపవలెను.

బరువు లేకుండ నడిపి చూపిన పరీక్ష పరీక్ష కాదు. పంపు తగిలించి, నీరు తోడించి, ఒక గంటసేపు వినవలెను. పంపు గాలి పీల్చినచో బరువు తగ్గి ఇంజను వేగము పెరుగును. ఆ దోషము పంపు వైపుది, ఇంజనుది కాదు. గంట గడచిన తరువాత ఆపి, వేడి మీదనే మరల త్రిప్పి చూడుడు. పిమ్మట నూనె పుల్ల తీసి చూడుడు. నూనె పాలవలె తెల్లబారినచో నీరు కలిసినదన్నమాట.

ఇంకొక హెచ్చరిక. పంపు నీటిని పీల్చు ఎత్తు ఆచరణలో 6, 7 మీటర్లు మించదు. అందుచేత కొందరు ఇంజనును బావి లోపలి గట్టుపైకి దింపుదురు. అచట గోడల ప్రతిధ్వనిలో మంచి చప్పుడును చెడ్డ చప్పుడును వేరుచేయలేము. అంతకంటె ఘోరమైనది పొగలోని విషవాయువు. అది మనుష్యుని స్పృహ తప్పించి ప్రాణము తీయును. ఇంజనును బావి వెలుపలనే నడుపుడు. వినునప్పుడు బెల్టు దాపున పంచె కొంగును, చీర చెరగును బిగించుకొనుడు.

కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. గనిపని ఎరిగినవారికి ఒక సంగతి తెలియును. లోపల పైకప్పు రాతిని ఇనుప కమ్మితో తట్టి వినుట గనుల ఆచారము. గట్టిరాయి గంటవలె పలుకును. వదులైన రాయి డొల్లగా పలుకును. ఆ భేదము ఎరిగిన చెవి ప్రాణము కాపాడును. ఇంజను విషయమున అంత ప్రమాదము లేకున్నను, ఒక కుటుంబపు ఏడాది కష్టము ఆ వినికిడిపై ఆధారపడి యుండవచ్చును.

కావున మా విన్నపము రెండు విధములు. యువకులు ఒంటరిగా పోయి బయానా ఇయ్యవలదు. ఇంజను పని ఎరిగిన మన పెద్దలు, పిలిచినప్పుడు ఒక పూట వారితో కూడ పోయి వినవలెను. ఆ ఒక్క పూటతో ఒక పైరు నిలుచును.